వేలు నలిగినవాడికి నాలుగు మంచి మాటలు

తమ్ముడూ, ఖరగ్‌పూర్ తెలుగువాడికి పెద్దల నుంచి రెండు ఆస్తులు సంక్రమిస్తాయి. ఒకటి, శ్రీకాకుళం జిల్లాలో ఎన్నడూ చూడని వాటా భూమి. రెండోది నేను. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో విజయనగరం, శ్రీకాకుళం, గంజాం వైపు నుంచి ఖలాసీ పనికి జనం బండెక్కినప్పుడు వాళ్ల వెంట నాలాంటి పెద్దమనిషి కూడా ఒకడు దిగాడు. ఆయన పనిలోకి వెళ్లలేదు. పనిలోకి వెళ్లినవాళ్లకు సలహాలు చెప్పాడు. ఆ వంశం ఇంకా నిలిచే ఉంది. మథురాకాటిలో అయినా, నింపురాలో అయినా, గోల్ బజారు టీ కొట్టు బల్ల మీద అయినా నన్ను గుర్తుపట్టడం తేలిక. ఎవరికి దెబ్బ తగిలినా అందరికంటే ముందు వచ్చి, అందరికంటే ఆఖర్న వెళ్లేవాణ్ణి నేనే.

యూనియన్‌వాళ్లు నీకు చట్టం చెబుతారు. నేను లోకం చెబుతాను. రెండూ విని, నా మాట చెయ్యి. ఇన్నేళ్లుగా అందరూ చేస్తున్నది అదే.

మొదటి గంట

చెయ్యి నలిగిన మొదటి గంట చాలా ముఖ్యం. నొప్పి సంగతి తర్వాత. ముందు సూపర్‌వైజరుగారి పరువు చూడాలి. షాపు గోడ మీద ప్రమాదం లేని రోజుల లెక్క ఆయన సుద్దముక్కతో రాయించుకుంటున్నాడు. నీ ఒక్క వేలి కోసం ఆ అంకె చెరిపేసి మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాలా? ఎంక్వయిరీ వస్తుంది, మేటును పిలుస్తారు, పక్కవాడి వాంగ్మూలం తీసుకుంటారు. ఇంతమందికి శ్రమ. కాబట్టి ఆసుపత్రిలో డాక్టరు ఎలా జరిగిందని అడిగితే "ఇంట్లో బాత్రూములో జారిపడ్డాను" అని చెప్పు. మన రైల్వే క్వార్టర్ల బాత్రూములు అంత ప్రమాదకరమైనవి. వాటిలో జారినవాళ్ల గాయాల్లోకి గ్రీజూ ఇనప రజనూ ఎలా వస్తాయో వైద్యశాస్త్రం ఇంకా తేల్చలేదు.

మెమో విషయంలో కూడా పెద్దరికం చూపించు. సిక్ మెమో ఇస్తే కళ్లకద్దుకుని తీసుకో. "ఇంజరీ ఆన్ డ్యూటీ అని రాయండి సార్" అనకు. తేడా రెండు మూడు మాటలదే అనుకుంటావు. కానీ ఆ మాటల వెనక డబ్బుంది. అందుకే వద్దంటున్నాను. సిక్‌లో ఉంటే నీ ఎల్‌హెచ్‌ఏపీ, అంటే సగం జీతం సెలవు, కరుగుతుంది, అది చాలకపోతే కూతురి పెళ్లికని దాచుకున్న ఎల్‌ఏపీ, అంటే పూర్తి జీతం సెలవు, కరుగుతుంది. డ్యూటీలో దెబ్బ అని రాస్తే అవి రెండూ ముట్టుకోనక్కర్లేదు. పని వల్ల వచ్చిన గాయానికీ జబ్బుకీ 2017 జులై నుంచి వేరే సెలవు పెట్టారు. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ పూర్తి జీతం. బయటికొచ్చాక 6 నెలలు పూర్తి జీతం, ఆపైన మరో 12 నెలలు సగం జీతం. ఇంత సెలవిస్తే మనిషి బద్ధకస్తుడైపోడూ?

సాక్షుల విషయం. నీ వేలు నలిగినప్పుడు పక్కన ఉన్నవాళ్ల పేర్లు ఎక్కడా రాసిపెట్టుకోకు. నెల తిరిగేసరికి ఒకడు వేరే షాపుకు వెళతాడు, ఇంకొకడు రిటైరవుతాడు, మూడోవాడు ఆ రోజు తను సెలవులో ఉన్నానని నిజంగానే నమ్మడం మొదలుపెడతాడు. ఎవరినీ ఇబ్బంది పెట్టినట్టుండదు. చీటీ రాసి ఆఫీసులో ఇచ్చి నకలు మీద ముద్ర వేయించుకునే పాడు అలవాటు కూడా మనకొద్దు. యజమానికి ప్రమాదం సంగతి వీలైనంత త్వరగా తెలియజేయాలని చట్టంలో ఉంది. తెలియజేయకపోయినా, ఆ సంగతి యజమానికి వేరే దారిలో తెలిసే ఉంటే కేసు పోదని కూడా ఉంది. ఈ రెండో ముక్క ఎవరికీ చెప్పకు.

తప్పు నీదేనని ఒప్పుకో

సంస్కారం ఉన్నవాడు దెబ్బ తగలగానే "నాదే పొరపాటు" అంటాడు. నువ్వూ అను. అడగకపోయినా అను. కాగితం మీద రాసిస్తే మరీ మంచిది.

ఇక్కడ కొంచెం చరిత్ర చెప్పాలి. చరిత్ర అంటే నాకు సరదా, జరిగిపోయింది కాబట్టి. వందేళ్ల కిందటి దాకా దెబ్బ తిన్న పనివాడు దొర తప్పును కోర్టులో రుజువు చెయ్యాల్సి వచ్చేది. తోటి పనివాడి పొరపాటు వల్ల జరిగితే దొరకు సంబంధం లేదు. నీ అజాగ్రత్త కాస్త ఉన్నా సంబంధం లేదు. ప్రమాదమని తెలిసే పనిలో చేరావు కదా, ఇంకేం అడుగుతావు అనేవారు. ఎంత చక్కటి న్యాయం! ఇంగ్లండు దీన్ని 1897లో పాడుచేసింది. మన దేశంలో 1923లో వర్క్‌మెన్స్ కాంపెన్సేషన్ చట్టం వచ్చి 1924 జులై 1 నుంచి అమలైంది. 2010లో దాని పేరు ఉద్యోగుల నష్టపరిహార చట్టంగా మారింది. పేరు మారినా పాడు బుద్ధి మారలేదు. గాయం పని వల్ల, పనిలో ఉండగా అయిందా అనే చూస్తుంది. తప్పెవరిదని అడగదు. అడగని ప్రశ్నకు నువ్వు జవాబు రాసివ్వాలని నేనెందుకు పోరుతున్నానో ఇప్పుడు అర్థమైందా?

ఆ చట్టం 2025 నవంబరులో కొత్త స్మృతిలో కలిసిపోయింది, ఆ సంగతి తర్వాత చెబుతాను. ఇక్కడ నేను చెప్పే పరిహారం సెక్షన్లూ లెక్కలూ దానివే. మనలాంటి వాళ్ల కోసం అందులో మూడు చిన్న కిటికీలు తెరిచి ఉంచారు. తాగి ఉన్నా, భద్రత కోసం ఇచ్చిన ఆదేశాన్ని కావాలని ధిక్కరించినా, యంత్రానికి ఉన్న గార్డును, అంటే రక్షణ కవచాన్ని, తెలిసీ తీసేసినా, ఆ కారణంగానే దెబ్బ తగిలితే పరిహారం రాదు. మూడు రోజుల్లోపు నయమయ్యే గాయానికీ రాదు. కాబట్టి మేటు పని త్వరగా అవ్వాలని గార్డు విప్పించి ఉంటే, నువ్వే విప్పానని చెప్పు. సెప్టెంబరు 17న విశ్వకర్మ పూజకు ఆ గార్డునే కడిగి బొట్టు పెట్టి మళ్లీ బిగిస్తారులే. ముందు రోజు రాత్రి పెళ్లిలో ఒక చుక్క వేసుకున్న సంగతి ఎవరూ అడక్కుండానే డాక్టరుకు చెప్పు. కాకపోతే ఒక అడ్డంకి ఉంది. మనిషి చనిపోయినా, శాశ్వతంగా ఏ పనీ చెయ్యలేని స్థితికి వచ్చినా ఈ మూడు కిటికీలూ మూసుకుపోతాయి. తాగాడన్నా, గార్డు తీశాడన్నా అప్పుడు పరిహారం ఇవ్వక తప్పదు. అందుకని పోయినవాణ్ణి తాగుబోతని ఊరంతా చాటడం వల్ల చట్టప్రకారం లాభం లేదు. అయినా మనం చాటుతాం. భార్య సిగ్గుపడి కోర్టుకు వెళ్లదు కదా.

వి. వి. గిరిగారి ఫొటో మన వాళ్ల సంఘాల గోడల మీద కనిపిస్తుంది. బరంపురం తెలుగువాడు. 1927లో ఈ ఊళ్లో సమ్మె, ఆ తర్వాత వర్క్‌షాపు లాకౌట్ జరిగిన రోజుల్లో బి.ఎన్.ఆర్. కార్మికుల పక్షాన నిలబడ్డాడు. తర్వాత కేంద్రంలో కార్మిక మంత్రి, 1969లో రాష్ట్రపతి. ఆయన ఫొటోకు దండ వెయ్యి, దణ్ణం పెట్టు. ఆయన చేసిన పని మాత్రం చెయ్యకు. ఆయనంటే రాష్ట్రపతి అయ్యాడు, నువ్వు అవుతావా?

వేలి ఖరీదు

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. కాంట్రాక్టరు నీ ఇంటికి పళ్ల బుట్టతో వస్తాడు. బుట్టలో కమలాలు, హార్లిక్స్ సీసా, కింద కవరు ఉంటాయి. కవర్లో ఇరవై వేలు. ఆయన కళ్లలో నీళ్లు కూడా ఉంటాయి, మంచివాడు. కవరు తీసుకో. లెక్క అడగకు. ఎందుకంటే లెక్క ఉంది.

చట్టం చివర ఒక పట్టిక ఉంది. మనిషి ఒళ్లు ముక్కముక్కలుగా రాసి, ఒక్కో ముక్కకు ఎంత శాతం సంపాదన శక్తి పోతుందో అచ్చు వేశారు. బొటనవేలు పోతే 30 శాతం. చూపుడువేలు మొత్తం పోతే 14. మధ్యవేలు 12. ఉంగరపు వేలు గానీ చిటికెనవేలు గానీ 7. చూపుడువేలి కొస, ఎముక పోకుండా తెగితే 5. ఒక కన్ను పోయి రెండోది బాగుంటే 40. ఒక చేతి నాలుగు వేళ్లూ పోతే 50. మార్కెట్లో చేప ముక్కల ధర చదివినట్టు చదువుకుంటూ పోవచ్చు. రాసినవాడికి జాలి లేదని అనుకుంటావు, కానీ ఆ నిర్దయ మంచికే. దయగలవాళ్లు ఎప్పుడూ అంకె చెప్పరు.

ముప్ఫై ఏళ్ల కుర్రాడు, నెలకు 15,000 జీతం అనుకుందాం. 2020 జనవరి నుంచి లెక్కకు తీసుకునే జీతం పరిమితి ఇదే. అంతకుముందు 8,000 ఉండేది. ఎక్కువ వచ్చేవాడికీ పరిమితి వరకే లెక్క. 15,000లో 60 శాతం 9,000. ముప్ఫై ఏళ్ల వయసుకు పట్టికలో ఉన్న గుణకం 207.98. గుణిస్తే 18,71,820 రూపాయలు. ఇది ఏ పనీ చెయ్యలేకుండా అయిపోయినవాడికి. చూపుడువేలు పోయినవాడికి ఇందులో 14 శాతం, అంటే 2,62,000 పైన. బొటనవేలికి 5,61,546. చూశావా, ఇరవై వేల కవరు తీసుకుంటే ఎంత గుణకారం తప్పుతుందో.

ఇంకో మాట. "ఆసుపత్రి ఖర్చు నలభై వేలు నేనే పెట్టాను, అది పరిహారంలోంచి మినహాయించాలి" అని కాంట్రాక్టరు అంటే న్యాయమేనని తలూపు. వైద్యానికి ఇచ్చినది పరిహారం కిందికి రాదని, అసలైన వైద్య ఖర్చు విడిగా యజమానే భరించాలని చట్టంలో ఉంది. 2009లో చేసిన సవరణ అది. నువ్వు చదవలేదు, ఆయనా చదవలేదు. ఇద్దరూ సమానమే. కట్టుతో ఇంట్లో కూర్చున్న రోజులకు ప్రతి పదిహేను రోజులకూ నెల జీతంలో 25 శాతం ఇవ్వాలన్నది కూడా ఇద్దరూ కలిసి మర్చిపొండి.

పట్టికలో శాతం చూశాక అక్కడితో ఆగిపోవడం మంచిది. పట్టికే ఆఖరి మాట కాదని పేచీ పెట్టే మనుషులున్నారు. 1968లో ఒక సినిమా హాల్లో నగిషీ పని చేస్తూ కింద పడి ఎడమ చెయ్యి పోగొట్టుకున్న వడ్రంగి కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1975 డిసెంబరులో తీర్పు వచ్చింది. ఒంటిచేత్తో వడ్రంగం చెయ్యలేడు కాబట్టి అతనికి పోయింది మొత్తం పనే అన్నారు. పట్టికలో చేతికి ఉన్న శాతంతో సరిపెట్టలేదు. పైగా పరిహారం ఇవ్వాల్సిన బాధ్యత ఈ కేసులు తేల్చే కమిషనర్ తీర్పు రోజున కాదు, దెబ్బ తగిలిన రోజునే మొదలైందన్నారు. తర్వాత ఆ చట్టంలో, నెలలోపు ఇవ్వకపోతే ఏటా 12 శాతం వడ్డీ. సరైన కారణం లేకుండా ఆలస్యం చేస్తే పైన 50 శాతం దాకా జరిమానా, అదీ కార్మికుడికే. అందుకే చెబుతున్నాను, వడ్రంగుల కథలు వినకు. ఫిట్టరుకు వేళ్లు లేకపోతే ఫిట్టర్ పని ఉంటుందా అని ఎవరైనా నిన్ను అడిగితే మాట మార్చు.

తెల్లకాగితం

కాంట్రాక్టరు కవరుతో పాటు ఒక తెల్లకాగితం కూడా తెస్తాడు. సంతకం పెట్టెయ్. మీ ఆవిడ గుమ్మంలోంచి "కాయితంలో ఏటి రాసున్నాదో సూసి ఎడదాం" అంటుంది. ఆడవాళ్లకు లోకజ్ఞానం తక్కువ. కాగితంలో ఏమీ రాసి లేదు కాబట్టి చూడ్డానికి ఏమీ లేదని చెప్పు. బొటనవేలు పోనందుకు దేవుడికి దణ్ణం పెట్టుకో, వేలిముద్ర వెయ్యొచ్చు.

ఈ కాగితం గురించి నాకొక రహస్య దిగులుంది. పరిహారం హక్కు వదులుకుంటున్నానని నువ్వు రాసిచ్చిన ఏ ఒప్పందమూ చెల్లదని 17వ సెక్షన్ అంటుంది. రాజీ కుదుర్చుకుంటే ఆ రాజీపత్రాన్ని కమిషనర్ దగ్గర రిజిస్టరు చేయించాలి. మొత్తం మరీ తక్కువగా ఉందనుకున్నా, మోసం జరిగిందనుకున్నా ఆయన రిజిస్టరు చెయ్యనని తిప్పికొట్టగలడు. అంటే నువ్వు సంతకం పెట్టాక కూడా కేసు వెయ్యొచ్చన్నమాట. అందుకని సంతకం తర్వాత నిన్ను కాపలా కాయడానికి నేను వారానికోసారి మీ ఇంటికి టీకి వస్తూనే ఉంటాను.

"నువ్వు రైల్వే మనిషివి కాదు, కాంట్రాక్టరు మనిషివి. రైల్వేతో నీకేం పని?" ఈ వాక్యం కంఠస్థం చెయ్యి. స్లీపర్లు మోసినా, కోచ్ కడిగినా, ప్లాట్‌ఫారం మీద రాళ్లు పరిచినా ఇదే మాట. 1072 మీటర్ల మన ప్లాట్‌ఫారం ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పొడుగని గొప్ప చెప్పుకునేటప్పుడు మాత్రం అది మనందరిదీ. అసలు యజమాని తన వ్యాపారంలో భాగమైన పనిని తన ఆవరణలో కాంట్రాక్టరుకు ఇస్తే, దెబ్బ తిన్నవాడు నేరుగా ఆ అసలు యజమానినే అడగవచ్చని 12వ సెక్షన్. ఆయన ముందు చెల్లించి, తర్వాత కాంట్రాక్టరు నుంచి రాబట్టుకోవాలి. కాంట్రాక్టరు ఫోను స్విచ్చాఫ్ చేస్తే కథ అయిపోయినట్టేనని నువ్వు నమ్మినంత కాలం ఈ సెక్షన్ వల్ల ఎవరికీ హాని లేదు.

ఊరి బయట ఫ్యాక్టరీల్లో చేసేవాడికైతే సలహా చిన్నదే: ఈఎస్‌ఐ నంబరు అడగొద్దు. నెలకు 21,000 లోపు జీతగాడికి అది ఉంటే, పనిలో దెబ్బ తగిలి ఇంట్లో ఉన్న రోజులకు జీతంలో 90 శాతం వస్తుంది. శాశ్వత వైకల్యం మిగిలితే దాని స్థాయిని బట్టి బతికినంత కాలం నెలనెలా వస్తుంది. పనిలో చేరిన మొదటి రోజే దెబ్బ తగిలినా వస్తుంది. ఈఎస్‌ఐ ఉన్నవాడు ఇందాకటి పరిహారం యజమాని నుంచి అడగలేడు, ఏదో ఒకటే. రెండూ లేకుండా ఉండడం తేలిక. కార్డు మాట ఎత్తకపోతే చాలు.

అన్‌ఫిట్ అవ్వు, కొడుకును ఎక్కించు

రైల్వే ఊళ్లో నా అన్ని సలహాల్లోకీ బాగా అమ్ముడుపోయేది ఇదే. దీనికోసం నా దగ్గరికి రాత్రిపూట, ఎవరూ చూడకుండా, తండ్రీకొడుకులు కలిసి వస్తారు.

పర్మనెంటు ఉద్యోగి, యార్డులో కాలు దెబ్బతింది. డాక్టర్లు పరీక్ష చేసి, ఉన్న పనికి పనికిరాడు, కింది కేటగిరీలో తేలిక పనికి పనికొస్తాడు అంటారు. ఏ-వన్ నుంచి సీ-టూ దాకా రైల్వేలో కళ్లకూ ఒంటికీ ఉన్న మెట్లు నీకు నాకంటే బాగా తెలుసు. ఇక్కడ నేను జోక్యం చేసుకుంటాను. "తేలిక పనా? ఛీ. నిన్నటిదాకా పాయింట్స్‌మన్‌గా జెండా ఊపినవాడివి, రేపు ఆఫీసులో నీళ్లు అందిస్తావా? పూర్తి అన్‌ఫిట్ రాయించుకో. ఇంటికొచ్చెయ్. అబ్బాయి నీ ఉద్యోగంలో కూర్చుంటాడు."

నీళ్లు అందిస్తావా అన్న మాట చాలా బాగా పనిచేస్తుంది. అది అబద్ధమైనా సరే. ఉద్యోగంలో ఉండగా వైకల్యం వచ్చిన ప్రభుత్వ ఉద్యోగిని తీసెయ్యకూడదు, హోదా తగ్గించకూడదు. ఉన్న పని చెయ్యలేకపోతే అదే జీతం స్కేలుతో వేరే పని ఇవ్వాలి. వేరే పని దొరక్కపోతే, దొరికే దాకా లేదా రిటైరయ్యే దాకా అదనపు పోస్టు సృష్టించి అందులో ఉంచాలి. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఇది 47వ సెక్షన్, 2016 చట్టంలో 20వ సెక్షన్. వైకల్యం డ్యూటీలోనే రావాలన్న షరతు కూడా లేదు. ఎడమ కాలు తీసేశాక ఇంటికి పంపించేసిన ఒక ఎస్‌ఎస్‌బీ కానిస్టేబులు విషయంలో సుప్రీంకోర్టు 2003లో ఈ మాటే చెప్పింది. పెన్షన్ ఇచ్చేశాం కదా అంటే కూడా ఒప్పుకోలేదు. తెలంగాణ ఆర్టీసీలో రంగులు గుర్తుపట్టలేడని పక్కనపెట్టిన బస్సు డ్రైవరుకు తగిన ఉద్యోగం ఇవ్వమని 2025 ఆగస్టులో మళ్లీ చెప్పింది. ఇన్నిసార్లు చెప్పాల్సి వచ్చిందంటే నా సలహా ఎంత లోతుగా పాతుకుందో ఆలోచించు.

ఇక కొడుకు ఉద్యోగం. భద్రతా విభాగం ఉద్యోగి ముందే రిటైరైతే పిల్లవాణ్ణి తీసుకునే లార్జెస్ పథకం ఒకప్పుడు ఉండేది. అది 2017లో ఆగిపోయింది. నేను మాత్రం ఆపలేదు. క్వార్టర్ల మధ్య దాని ఆత్మ ఇంకా తిరుగుతూనే ఉంది. పూర్తిగా పనికిరాకుండా పోయినవాళ్ల పిల్లలకు కారుణ్య నియామకం ఇప్పటికీ ఉందిలే. అయితే అది హక్కు కాదు, అధికారులు కుటుంబం పరిస్థితి చూసి ఇస్తే ఇచ్చేది. ఈ పాయింటు నేను చిన్న గొంతుతో చెబుతాను, టీ గ్లాసులు కడిగే చప్పుడులో వినపడకపోవచ్చు. తండ్రి జీతం ఆ నెలే ఆగిపోతుంది. కొడుకు ఫైలు నడుస్తూ ఉంటుంది. నడవనీ, ఫైళ్లకు కాళ్లు విరగవు.

చట్టమే మారిపోయింది

దీన్ని కొత్తగా చేర్చాను. 2025 నవంబరు 21 నుంచి సామాజిక భద్రతా స్మృతి అమల్లోకి వచ్చింది, పాత 1923 చట్టం అందులో కలిసిపోయింది. "పాత చట్టం పోయింది, నీ పాత కేసూ పోయింది" అని నేను చెప్పడం మొదలుపెట్టాను. బాగానే నమ్ముతున్నారు. పాత చట్టం రోజుల్లో తగిలిన దెబ్బకు అప్పటి హక్కు అలాగే ఉంటుందని వకీళ్లకు తెలుసు, కానీ వకీలు ఫీజు అడుగుతాడు, నేను ఉచితం. కొత్త స్మృతిలో ఇంకో ఇబ్బంది ఉంది. ఇంటి నుంచి పనికి వచ్చే దారిలో, పని నుంచి ఇంటికి వెళ్లే దారిలో జరిగిన ప్రమాదం కూడా, పనితో దానికి సంబంధం కనపడితే, పనిలో జరిగినట్టే లెక్క. పాత చట్టం కింద కూడా అలాగే చూడాలని సుప్రీంకోర్టు 2025 జులైలో ఒక కాపలాదారు కేసులో అంది. రాత్రి షిఫ్టుకు వెళుతూ పురీ గేటు దగ్గర బైకు మీంచి పడ్డవాడు నా దగ్గరికి వస్తే "గేటు దాటి లోపలికి వెళ్లాక పడాల్సింది" అంటున్నాను.

హక్కుల గురించి ఉద్యోగంలో చేర్చుకునేటప్పుడే యజమాని రాతపూర్వకంగా చెప్పాలని, ఉద్యోగికి అర్థమయ్యేలా ఇంగ్లీషులోనో హిందీలోనో ఆ ప్రాంతపు అధికార భాషలోనో చెప్పాలని 2017లో పాత చట్టానికి ఒక సవరణ తెచ్చారు. చెప్పకపోతే 50,000 నుంచి లక్ష దాకా జరిమానా పెట్టారు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వడానికి ఒప్పుకుంది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివే కుర్రాడు మన పేటలో ఇంకా పుట్టలేదని ఆశిస్తున్నాను. పుడితే వాణ్ణి బ్యాంకు పరీక్షలకు చదవమని చెప్పండి.

మనిషే పోతే

అప్పుడు తొందరపడాలి, నెమ్మదిగా. పదమూడో రోజు దాకా ఎవరూ డబ్బు మాట ఎత్తకూడదు, అది అనాచారం. పదిహేనో రోజున కాంట్రాక్టరు వస్తాడు, పెద్దల సమక్షంలో వదినగారి చేతిలో లక్ష పెడతాడు, అందరూ చూస్తారు, ఫొటో తీస్తారు. చేతిలో చెయ్యి వేసి ఇచ్చిన డబ్బుకు చట్టంలో విలువ లేదు. మరణానికి పరిహారం కమిషనర్ దగ్గరే జమ చెయ్యాలి. కుటుంబానికి నేరుగా ఇచ్చింది పరిహారం చెల్లించినట్టు కాదు. పాత చట్టంలో జీతంలో 50 శాతాన్ని వయసు గుణకంతో గుణిస్తే వచ్చే మొత్తం, ఎంత తక్కువైనా 1,20,000, దానిపైన అంత్యక్రియలకు కనీసం 5,000 ఉండేవి. కమిషనర్ ఆ డబ్బును భార్యకూ పిల్లలకూ ముసలి తల్లికీ పంచి, చిన్నపిల్లల వాటా వాళ్ల పేర దాచి ఉంచగలడు. అప్పులవాళ్లు దాన్ని జప్తు చేసుకోలేరు. మరిదీ, నేనూ, మేస్త్రీ సాక్షి సంతకాలు చేసే చోట ఇంత రక్షణ ఉండదు. కాబట్టి మా ఏర్పాటే ఆత్మీయంగా ఉంటుంది.

కేసు వెయ్యడానికి రెండేళ్లు గడువు. తొందరేముంది? మొదటి ఏడాది సంవత్సరీకం. రెండో ఏడాది పిల్ల చదువు. రెండేళ్లు దాటాక తగిన కారణం చూపిస్తే కమిషనర్ ఆలస్యాన్ని మన్నించగలడంటారు కాబట్టి మూడో ఏడాది కూడా నేనే తిరుగుతూ ఉంటాను.

అన్నిటికంటే మంచి పని, ఆమెను ఊరికి పంపెయ్యడం. ఈస్ట్ కోస్ట్ ఎక్స్‌ప్రెస్ ఎక్కించి శ్రీకాకుళం రోడ్డులో దించితే, ప్రమాదం బెంగాల్లో, మనిషి ఆంధ్రలో, ఇక కేసేమిటి అనుకుంటుంది. అనుకోనివ్వండి. ప్రమాదం జరిగిన చోటే కాదు, తను మామూలుగా ఉంటున్న ఊరి మీద అధికారం ఉన్న కమిషనర్ దగ్గర కూడా ఆమె దరఖాస్తు పెట్టుకోవచ్చని, ఖరగ్‌పూర్ దాకా రానక్కర్లేదని పాత చట్టం 21వ సెక్షన్‌లోనే రాసి ఉంది. అందుకని బండెక్కించే ముందు చిన్న జాగ్రత్త తీసుకోవాలి. జీతం చీటీలు, గేటు పాసు, ఆసుపత్రి కాగితాలు, ఎఫ్‌ఐఆర్ నకలు, పోస్టుమార్టం రిపోర్టు ఆమె సంచిలో ఉంటే ప్రయాణంలో పోతాయి, తడిసిపోతాయి. నా దగ్గర పెట్టి వెళ్లమనండి. నా బీరువాలో అలాంటివి ఇప్పటికే రెండు అరలు నిండాయి. మూడో అర మొన్ననే ఖాళీ చేశాను.